చలి నాలుగు రోజులూ ఇల్లంతా ఒక్కచోట చేరాలంటే ఏం చేయాలి?

"ఉత్తరాది నుంచి చలిగాలులు, ఆదిలాబాద్ జిల్లాకు ఎల్లో అలర్ట్" అని టీవీలో స్క్రోలింగ్ మొదలైతే చాలు, మన ఇళ్ళలో ఎవరి దుప్పటి వాళ్ళు లాక్కుంటారు. తాతయ్య ఒక గదిలో తలకు మఫ్లర్ చుట్టుకుని పడుకుంటాడు. పిల్లలు ఇంకో గదిలో ముసుగుతన్ని ఫోన్లు చూస్తుంటారు. అమ్మ ఒక్కతే వంటింట్లో. ఎనిమిదింటికల్లా తలుపులన్నీ మూతపడతాయి, ఇల్లు సద్దుమణిగిపోతుంది.

మన ఇళ్ళు ఎండను తట్టుకోవడానికి కట్టినవి. పైన వెంటిలేటర్లు, కింద చల్లటి టైల్స్, గాలి ఆడటానికి ఎదురెదురు కిటికీలు. మే నెలలో ఇవన్నీ వరమే కానీ జనవరిలో పాదం కింద పెట్టాలంటే భయం. ఇలాంటి ఇంటిని మొత్తం వెచ్చగా ఉంచడం ఎవరి తరమూ కాదు. ఒక్క చోటును వెచ్చగా ఉంచడం మాత్రం ఎవరైనా చేయొచ్చు. ఆ చోటు సరిగ్గా కుదిరితే మనుషులు వాళ్ళంతట వాళ్ళే వచ్చి కూర్చుంటారు, పిలవక్కర్లేదు. ఈ నాలుగు రోజుల్లో మీరు చేయాల్సిన పని ప్రధానంగా అదే.

ఆదిలాబాద్, ఆసిఫాబాద్, నిర్మల్, సంగారెడ్డి వైపు ఇళ్ళను మనసులో పెట్టుకుని ఇది రాస్తున్నాను. పాడేరు, అరకు, చింతపల్లి వైపు వాళ్ళకు ఇందులో సగం ముందే తెలిసి ఉంటుంది.

ముందు చలి లెక్క చూసుకోండి

మైదాన ప్రాంతంలో రాత్రి ఉష్ణోగ్రత 10 డిగ్రీలకో అంతకంటే కిందికో దిగి, ఆ రోజుకు మామూలుగా ఉండాల్సిన దానికంటే 4.5 డిగ్రీలు లేదా ఇంకా ఎక్కువ తగ్గితే దాన్ని వాతావరణ శాఖ చలిగాలులు అంటుంది. తేడా 6.4 డిగ్రీలు దాటితే తీవ్ర చలిగాలులు. కాబట్టి ఒక రాత్రి 12 డిగ్రీలకు పడగానే కంగారు పడక్కర్లేదు. వరసగా రెండు రోజులు ఆకాశం నీలంగా మెరుస్తూ, ఉత్తరం నుంచి పొడిగాలి కొడుతూ, పెదవులు పగలడం మొదలైతే మాత్రం సరంజామా సిద్ధం చేసుకోండి. మబ్బు లేని రాత్రి భూమి పగలు దాచుకున్న వేడంతా పైకి వదిలేస్తుంది, పట్టి ఉంచడానికి పైన ఏమీ ఉండదు. బంగాళాఖాతంలో అల్పపీడనం పట్టి మబ్బు కమ్మిందంటే ఆ రాత్రి చలి తగ్గినట్టే.

ఇంట్లో పిల్లలుంటే ఈ లెక్క వాళ్ళకు అప్పగించేయండి. మందుల షాపులో జ్వరం చూసేందుకు అమ్మే థర్మామీటర్ దీనికి పనికిరాదు. గోడకు తగిలించే మామూలు థర్మామీటర్ ఒకటి తెచ్చి, ఎండ పడని వైపు, గోడకు కాస్త ఎడంగా వేలాడదీయండి. రాత్రి భోజనాల దగ్గర ఒక్కొక్కరు రేపటి చలి ఎంతో చెప్పాలి. క్యాలెండర్ వెనకాల పేర్లు, అంకెలు రాయించండి. పొద్దున సూర్యుడు పైకి వస్తున్న వేళకు వెళ్ళి చూడాలి. చలి అన్నిటికంటే ఎక్కువగా ఉండేది అర్ధరాత్రి కాదు, పొద్దు పొడిచిన కాసేపటికి. ఈ సంగతి తెలిశాక పిల్లలు మామూలుగా లేవనిది ఆ టైముకు లేచి కూర్చుంటారు. దగ్గరగా చెప్పిన వాళ్ళకు ఆ రోజు పొయ్యి మీది మొదటి వాయి. నానమ్మతో పోటీ పెట్టుకోకండి, ఆవిడ మోకాళ్ళ నొప్పిని బట్టి చెప్పేస్తుంది.

ఇంకొకటి. రాత్రి కొబ్బరినూనె సీసాను కిటికీ దగ్గర పెట్టించండి. కొబ్బరినూనె దాదాపు 24 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది కాబట్టి పొద్దున్నకు తెల్లగా రాయిలా ఉంటుంది. దాన్ని ఎండలో పెడితే అంచుల దగ్గర మొదలై మధ్యలోకి ఎలా కరుగుతుందో పిల్లలు కదలకుండా చూస్తారు. పక్కనే వేరుశనగ నూనె సీసా కూడా పెడితే అదెందుకు గడ్డకట్టలేదన్న ప్రశ్న వస్తుంది. జవాబు వాళ్ళ సైన్సు టీచరుకు వదిలేయండి.

చోటు ఎంచుకోవడం

పొద్దునకు ఒక చోటు, సాయంత్రానికి ఒక చోటు కావాలి.

పొద్దునకు తూర్పు ఎండ ముందు ఎక్కడ పడుతుందో చూడండి. వరండా కావచ్చు, మెట్ల మీద కావచ్చు, అపార్ట్‌మెంట్ అయితే డాబా మీద నీళ్ళ ట్యాంకు పక్కన కావచ్చు. ట్యాంకు గోడ గాలిని ఆపుతుంది, అందుకని అది మంచి చోటు. నులక మంచం గానీ నవారు మంచం గానీ ఉంటే అక్కడ వాల్చండి. లేకపోతే చాప, దాని మీద ఏదైనా మందపాటిది. నేరుగా గచ్చు మీద ఎవర్నీ కూర్చోనివ్వకండి.

ఎనిమిదిన్నర నుంచి పది దాకా చేయగలిగిన పనులన్నీ అక్కడికి మార్చేయండి. కూరగాయలు తరగడం, తాతయ్య పేపరు, బియ్యం ఏరడం, ఆదివారమైతే పిల్లలకు నువ్వులనూనె రాయడం. నూనె వేలికి తగిలినప్పుడు ఉలిక్కిపడకుండా గిన్నెను ముందే ఎండలో పెట్టండి. అరగంట నూనెతో వదిలేసి, తర్వాత శనగపిండో సున్నిపిండో పెట్టి నలుగు. పిల్లలు జారిపోతూ పరిగెడతారు, పట్టుకోవడానికి బాబాయినో మామయ్యనో పెట్టుకోండి. అదీ సరదాలో భాగమే.

స్నానానికి బకెట్లో ముందు చన్నీళ్ళు పోసి తర్వాత వేణ్ణీళ్ళు కలపండి. హీటర్ రాడ్డు వాడేవాళ్ళు స్విచ్ ఆపి, ప్లగ్ తీసేశాకే నీళ్ళు ముట్టుకోవాలి. గ్యాస్ గీజరైతే బాత్రూమ్ కిటికీ తెరిచే ఉండాలి, ఎంత చలైనా సరే. ఎందుకో నెగడు దగ్గర చెబుతాను.

సాయంత్రం చోటు గురించి నాకు రెండో మాట లేదు, అది వంటిల్లే. హాల్లో హీటర్ పెట్టి అందరూ సోఫాల్లో కూర్చుంటే అందరి చూపూ టీవీ వైపే. వంటింట్లో పొయ్యి ఉంటుంది, వాసన ఉంటుంది, చేతికి పని ఉంటుంది. చిన్న వంటిల్లైతే గడప దగ్గర రెండు పీటలు వేయండి. లేదా చిన్న గ్యాస్ పొయ్యిని హాల్లో నేల మీదికి దించండి. అలా దించితే సిలిండరు నిటారుగా ఉండాలి, ట్యూబు కాళ్ళకు అడ్డం పడకూడదు, పసిపిల్లలు ఒక పెద్దవాళ్ళ ఒళ్ళో ఉండాలి, ఏదో ఒక కిటికీ కొంచెం తెరిచి ఉండాలి.

సర్వపిండి సాయంత్రం

చలికాలపు సాయంత్రానికి పకోడీ, బజ్జీ అంటారు అందరూ. నా ఓటు మాత్రం గిన్నెకు అద్ది కాల్చే బియ్యప్పిండి రొట్టెకు, అంటే సర్వపిండికే. పకోడీలు ఒక వాయికి పళ్ళెం నిండా వస్తాయి, తలా నాలుగు పట్టుకుని ఎవరి గదికి వాళ్ళు పోతారు. సర్వపిండి ఒక గిన్నెకు ఒక్కటే అవుతుంది. అది కాలడానికి పది నిమిషాలు పడుతుంది. ఆ పది నిమిషాలూ అందరూ మూత వంక చూస్తూ పొయ్యి చుట్టూ కూర్చోవాల్సిందే. అయ్యాక ఒకటి నాలుగు ముక్కలు, ముక్క కోసం కొట్లాట, మళ్ళీ పది నిమిషాలు. అయిదుగురున్న ఇంట్లో గంటన్నర ఇట్టే గడిచిపోతుంది.

ఇలా చేయండి.

మధ్యాహ్నమే గుప్పెడు శనగపప్పు నానబెట్టండి. చలికి నానడం ఆలస్యం, కాబట్టి గోరువెచ్చటి నీళ్ళు పోయండి, రెండు గంటలు ఉండనివ్వండి. అరకప్పు పల్లీలు వేయించి పొట్టు తీసి కచ్చాపచ్చాగా దంచండి. ఇది పిల్లల పని. రోట్లో వేస్తే సగం నోట్లోకి పోతాయి, అందుకని కాస్త ఎక్కువే వేయించండి.

నాలుగు కప్పుల బియ్యప్పిండి వెడల్పాటి పళ్ళెంలో వేసి, నానిన పప్పు, పల్లీలు, నాలుగు చెంచాల నువ్వులు, చెంచా జీలకర్ర, సన్నగా తరిగిన రెండు ఉల్లిపాయలు, కరివేపాకు, కొత్తిమీర, దొరికితే ఒక కట్ట ఉల్లికాడలు కలపండి. పచ్చిమిర్చి, అల్లం, వెల్లుల్లి కలిపి నూరిన ముద్ద, ఉప్పు, ఇష్టమైతే కారప్పొడి. ముందు నీళ్ళు పోయకుండా చేత్తో బాగా పిసకండి. ఉల్లిపాయలో తడి పిండికి పడుతుంది. తర్వాత కొద్దికొద్దిగా వేడినీళ్ళు చల్లుతూ రొట్టెల పిండి కంటే కొంచెం మెత్తగా కలపండి. సొరకాయ తురుము వేసేవాళ్ళయితే నీళ్ళు దాదాపు అక్కర్లేదు, తురుములోనే బోలెడంత ఉంటుంది.

అడుగు గుండ్రంగా ఉండే మందపాటి గిన్నె గానీ ఇనుప మూకుడు గానీ తీసుకోండి. లోపలంతా నూనె రాసి, నారింజపండంత ముద్ద తీసుకుని, అడుగు నుంచి పక్కలకు అద్దుకుంటూ పల్చగా పరచండి. ఎంత పల్చగా అయితే అంత కరకర. మధ్య మధ్య వేలితో అయిదారు చిల్లులు పెట్టి ఒక్కో చిల్లులో రెండు చుక్కల నూనె వేయండి. చిల్లులు పెట్టే పని ఇంట్లో అందరికంటే చిన్నవాళ్ళది. వాళ్ళ వేలంత చిల్లులే సరిగ్గా సరిపోతాయి. మూత పెట్టి సన్నని మంట మీద ఉంచండి. ఆరేడు నిమిషాలకు నువ్వుల వాసన వస్తుంది. అంచులు గిన్నెను వదిలి కొంచెం లోపలికి ముడుచుకుంటే అయినట్టు. తిప్పేయడం లేదు, ఒకవైపే కాలాలి. అడుగు ఎర్రగా కరకరలాడుతూ, పైన మెత్తగా ఉండటమే దీని రుచి.

కొత్తవాళ్ళకు చిక్కొచ్చేది రెండో వాయి దగ్గర. వేడి గిన్నెలో పిండి అద్దితే చెయ్యి కాలుతుంది, పిండి కూడా పరచుకోకుండా ముద్దలుగా పట్టుకుంటుంది. అందుకే పాతకాలం వాళ్ళు గిన్నెను బోర్లించి వీపు మీద నీళ్ళు పోసి చల్లార్చేవాళ్ళు. చుయ్‌మని ఆవిరి లేస్తుంది, పిల్లలు కేరింతలు కొడతారు. రేకు ఇనుము, అల్యూమినియం, ఇత్తడి గిన్నెలకు ఇలా చేయొచ్చు. పోత ఇనుముకు వద్దు, పగలొచ్చు. నాన్‌స్టిక్ పెనానికి వద్దు, అది వంకరపోతుంది. రెండు గిన్నెలుంటే ఒకటి కాలుతుండగా ఇంకోటి చల్లారుతుంది, కానీ అప్పుడు ఎదురుచూసే టైము సగమైపోతుంది. ఈ ఒక్క విషయంలో ఆలస్యమే మేలు.

నంజుకోవడానికి పెరుగు బాగుంటుంది, కానీ చలికి పెరుగు తోడుకోదు. పాలు వేలు పెడితే కొంచెం సురుక్కుమనేంత వేడిగా ఉన్నప్పుడు, మామూలు కంటే రెట్టింపు తోడు వేసి, గిన్నెను పాత శాలువాలో చుట్టి బియ్యం డబ్బాలో దాచండి. హాట్‌ప్యాక్ ఉంటే ఇంకా సులువు. ఇడ్లీ పిండి కూడా ఈ రోజుల్లో పొంగడానికి పన్నెండు గంటల పైన పడుతుంది, రాత్రి తొమ్మిదింటికి రుబ్బి పొద్దున ఏడింటికి ఇడ్లీ అనుకోకండి.

అమెరికాలో ఉన్న అక్కో తమ్ముడో వీడియో కాల్ చేసే టైము ఇదే అయ్యుంటుంది. "తొమ్మిది డిగ్రీలకే ఇంత హడావిడా, మాకు మైనస్ పదిహేను" అని నవ్వుతారు. అక్కడ ఇంట్లోకి అడుగు పెడితే బనియన్ మీద తిరగొచ్చు, ఇక్కడ బయట ఎంతో లోపలా దాదాపు అంతే అని చెప్పండి. చెప్పి, ఫోన్‌ను గిన్నె మీదికి తిప్పి మూత తీయండి. ఆ తర్వాత వాళ్ళు నవ్వరు.

కందికాయలు, అనపకాయలు, ఊచబియ్యం

డిసెంబరు, జనవరి నెలల్లో తెలంగాణలో కందిచేలు కోతకొస్తాయి. వికారాబాద్ జిల్లాలోని తాండూరు కందిపప్పుకు 2022లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. పప్పయ్యేలోపు పచ్చికాయలు సంతకొస్తాయి. రెండు కిలోలు తెచ్చి కడిగి, మునిగేలా నీళ్ళు పోసి, ఉప్పు కాస్త దండిగా వేసి ఇరవై, ఇరవై అయిదు నిమిషాలు ఉడకబెట్టండి. అనపకాయలకూ ఇదే పద్ధతి. నీళ్ళు వంచేసి, వెడల్పాటి పళ్ళెంలో మధ్యలో పోయండి. తలా ఒక గిన్నెలో వడ్డించకండి. ఒక్క పళ్ళెం నుంచి అందరూ ఒలుచుకుని తింటుంటే చేతులు వెచ్చబడతాయి, ఫోన్ ముట్టుకోవడానికి ఖాళీ ఉండదు. కబుర్లకు ఇంతకంటే మంచి సాకు నాకు తెలియదు. పొట్టంతా పక్కింటి మేకకో గేదెకో వేయండి.

చేను ఉన్నవాళ్ళు, చేను ఉన్న చుట్టాలున్నవాళ్ళు ఇంకో అడుగు ముందుకెళ్ళొచ్చు. యాసంగి జొన్న పాలు పోసుకుని గింజ గట్టిపడే ముందు, కంకులు కోసి పిడకల నిప్పుల మీద కాల్చి, వేడివేడిగా గోనెసంచిలో వేసి కర్రతో కొడితే పచ్చగా మెరిసే ఊచబియ్యం రాలుతుంది. చాటలో చెరిగి, నువ్వులపొడి, బెల్లం, పల్లీలతో తినడమే. గింజ మరీ లేతగా ఉంటే ముద్దవుతుంది, ముదిరితే పళ్ళకు పని. ఆ మధ్య దశ కొద్ది రోజులే ఉంటుంది కాబట్టి చేను ఉన్న మామయ్యకు ముందే ఫోన్ చేసి పెట్టండి.

సంక్రాంతి దగ్గర పడుతుంటే సకినాలు ఉండనే ఉన్నాయి. బియ్యం రాత్రంతా నానబెట్టి, నీళ్ళు ఓడ్చి, తడి ఉండగానే పట్టించి, నువ్వులు, వాము, ఉప్పు కలిపి బట్ట మీద చుట్టలు చుట్టడం. ఇది ఒక్కరి వల్ల అయ్యే పని కాదు, ఇద్దరు చుట్టాలి, ఒకరు తీయాలి, ఒకరు వేయించాలి. మబ్బు పట్టిన చల్లటి రోజున బట్ట తడి లాగడానికి టైము పడుతుంది. తొందరపడి ఎత్తితే విరుగుతాయి. చుట్టడం రాని మగవాళ్ళను వేయించే దగ్గర కూర్చోబెట్టండి. రాదు అనే మాట మీద వాళ్ళను వదిలేయకండి.

నెగడు వేసేటప్పుడు

చలిమంట లేకుండా చలికాలం ఏమిటి? కానీ ఈ ఒక్క దగ్గర సరదా కంటే జాగ్రత్త ముందుండాలి.

గడ్డివాముకు, పశువుల కొట్టానికి, కార్లకు దూరంగా ఖాళీ నేల మీద, గాలి ఎటు వీస్తుందో చూసి వేయండి. గచ్చు మీద వేస్తే పగుళ్ళొస్తాయి, కింద ఇసుక పోసి ఆ పైన వేయండి. తుమ్మ, చింత లాంటి ఎండిన గట్టి కట్టెలు నిలకడగా మండుతాయి, నిప్పులూ చాలాసేపు ఉంటాయి. అంటించడానికి కొబ్బరిపీచు, ఎండుటాకులు చాలు. పాత టైర్లు, ప్లాస్టిక్ కవర్లు, రంగు వేసిన ప్లైవుడ్ ముక్కలు వేయొద్దు. ఆ పొగ పిల్లల గొంతులోకే పోతుంది. పక్కన ఒక బకెట్ నీళ్ళు ఉండాలి. చున్నీలు, శాలువా కొసలు ముడేసుకోవాలి. నైలాన్ జాకెట్ల కంటే నూలు, ఉన్ని బట్టలు నయం, నిప్పురవ్వ పడినా నైలాన్‌లా కరిగి ఒంటికి అంటుకోవు.

మంట తగ్గి నిప్పులయ్యాక అసలు పని మొదలవుతుంది. చిలగడదుంపలు కడిగి తుడిచి బూడిదలో కప్పేయండి. లావును బట్టి అరగంట నుంచి ముప్పావుగంట. పుల్లతో గుచ్చితే సులువుగా దిగాలి. పైపొట్టు నల్లగా మాడినా లోపల తేనెరంగులో మెత్తగా ఉంటుంది. చేతిలో పట్టుకోలేక ఒక చేతి నుంచి ఇంకో చేతికి వేసుకుంటూ ఊదుకుంటూ తినాలి. కాస్త నెయ్యి వేసుకుంటే వేరే తీపి అక్కర్లేదు.

ఎంత చలైనా నిప్పుల కుంపటిని గదిలోకి తీసుకెళ్ళి తలుపులు వేసుకోకండి. పొగ లేదు కదా అనుకుంటారు. బొగ్గుల నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ ఉండదు, వాసనా ఉండదు. తలనొప్పి, మగతతో మొదలై నిద్రలోనే ప్రాణం తీస్తుంది. గాలి ఆడని బాత్రూమ్‌లో గ్యాస్ గీజర్‌తో వచ్చే ప్రమాదం కూడా ఇదే. 2021 ఫిబ్రవరిలో టెక్సాస్‌లో మంచు తుపాను వచ్చి రోజుల తరబడి కరెంటు పోయినప్పుడు, వేడి కోసం ఇంట్లో బొగ్గులు వెలిగించి, గరాజుల్లో కార్లు ఆన్ చేసి ఉంచి చనిపోయిన వాళ్ళున్నారు. మనవాళ్ళు వేలల్లో ఉండే రాష్ట్రం అది. కుంపటి వరండాలోనే ఉండాలి, పడుకునే ముందు నీళ్ళు చల్లి ఆర్పాలి.

ఉబ్బసం ఉన్నవాళ్ళను పొగ రాని వైపు, కాస్త దూరంగా కూర్చోబెట్టండి. ఇంట్లో ఎవరికైనా షుగరు ఉండి పాదాలు మొద్దుబారి ఉంటే వేడినీళ్ళ బ్యాగు గానీ నిప్పుల సెగ గానీ నేరుగా పాదాలకు తగలనివ్వకండి. కాలుతున్నా వాళ్ళకు తెలియదు. తాతయ్య పొద్దున అయిదింటి నడకను ఎండ వచ్చాకకు మార్చండి. బీపీ, గుండె జబ్బు ఉన్నవాళ్ళకు ఆ వేళ చలి మంచిది కాదు. ఒప్పుకోకపోతే ఎండలో మంచం, పేపరు, టీ ముందే సిద్ధం చేసి పెట్టండి, కాదనలేడు.

డాబా మీద అరగంట

చలిగాలుల రాత్రులకు ఒక లాభం ఉంది. గాలి పొడిగా ఉంటుంది, మబ్బు ఉండదు, చుక్కలు కడిగినట్టు కనిపిస్తాయి. రాత్రి తొమ్మిది ప్రాంతంలో అందరూ చెవులు కప్పుకుని, ఒక ఫ్లాస్కులో అల్లం టీ, పిల్లలకు మిరియాలు పసుపు వేసిన పాలు పట్టుకుని డాబా ఎక్కండి. లైట్లు ఆపి కళ్ళు చీకటికి అలవాటు పడే దాకా పది నిమిషాలు ఆగండి.

తూర్పు వైపు, జనవరైతే ఇంకా బాగా పైన, వరసగా మూడు చుక్కలు సమాన దూరంలో కనిపిస్తాయి. వాటితో మొదలుపెడితే మిగతావి వెతకడం తేలిక. ఆ మూడింటి గీతను దిగువకు పొడిగిస్తే ఆకాశంలో అన్నిటికంటే బాగా మెరిసే నక్షత్రం, లుబ్ధకుడు. పైకి పొడిగిస్తే ఎర్రటి రోహిణి, ఇంకా పైకి వెళ్తే చిన్న గుంపుగా పిల్లలకోడి, అంటే కృత్తికలు. ఆ మూడు చుక్కలకు ఒక పక్కన నారింజ రంగులో ఉన్నది ఆర్ద్ర. నానమ్మను పిల్లలకోడిలో చుక్కలెన్నో లెక్కపెట్టమనండి. ఒక్కొక్కరికి ఒక్కో లెక్క వస్తుంది, కళ్ళద్దాల నంబరు గురించి చర్చ మొదలవుతుంది.

డిసెంబరు 13, 14 తేదీల రాత్రుల్లో చలి పడితే ఇంకొంచెం ఆలస్యంగా ఎక్కండి. ఏటా ఆ రోజుల్లో జెమినిడ్ ఉల్కలు రాలతాయి. ఊరి లైట్లకు దూరంగా ఉంటే, చందమామ అడ్డం లేకపోతే, వెల్లకిలా పడుకుని ఊరికే పైకి చూస్తే చాలు, బైనాక్యులర్లు ఏమీ అక్కర్లేదు. ముందు చూసినవాళ్ళు అరవాలి, అదే ఆట.

పక్కలు వేయడం

ఈ నాలుగు రాత్రులు అందరూ ఒకే గదిలో పడుకోండి. టీనేజీ పిల్లలు మొదటి రాత్రి గొణుగుతారు. రెండో రాత్రికి గోడవైపు చోటు నాదంటే నాదని పోట్లాడుకుంటారు. కొత్త అల్లుడో కోడలో ఉన్న ఇంట్లో ఈ సలహా వర్తించదని వేరే చెప్పక్కర్లేదు.

నేల మీద పడుకునేటప్పుడు పైన ఎన్ని కప్పుకున్నామన్నదే చూస్తాం. వేడి కిందికి కూడా అంతే పోతుంది. ముందు చాప, దాని మీద గొంగడి, ఆపైన పరుపు గానీ బొంత గానీ. దక్కన్ గొర్రెల ఉన్నితో నేసిన నల్ల గొంగడి ఇంట్లో ఉంటే దాన్ని బీరువాలో దాచింది ఈ రోజుల కోసమే. గరుకుగా ఉందని పిల్లలు అంటారు కాబట్టి దాన్ని కిందే ఉంచండి. దుప్పట్లను మధ్యాహ్నం ఎండలో ఆరేసి, నాలుగున్నరలోపే లోపలికి తెచ్చి మడిచి పెట్టండి. ఇంకాసేపు ఉంచితే సాయంత్రపు చల్లదనమంతా పీల్చుకుంటాయి. ఒక మందపాటి రగ్గు కంటే రెండు పల్చటి దుప్పట్లు ఒకదాని మీద ఒకటి వేసుకుంటే వెచ్చగా ఉంటుంది, మధ్యలో చిక్కుకున్న గాలే వేడిని ఆపుతుంది.

పగలు టైముంటే కొత్త బొంత మొదలుపెట్టండి. ఉతికిన పాత నూలు చీరలు నాలుగైదు తీసి, చిరుగులు లోపలికి వచ్చేలా ఒకదాని మీద ఒకటి పరచండి, అన్నిటికంటే బాగున్నది పైకి రావాలి. నాలుగు మూలలా బరువు పెట్టి ముడతలు సాపు చేయండి. ముందు అంచుల చుట్టూ కుట్టు వేసి, ఆ తర్వాత అంచు నుంచి మధ్యకు వరస వరసగా వెళ్ళాలి. మధ్య నుంచి మొదలెడితే ముడతలన్నీ అంచుకు పోగుపడి వంకరగా వస్తుంది. లావు సూది, రెండు పేటల దారం. ఇద్దరు చెరోవైపు కూర్చుంటే చేతికి అందుతుంది. "ఇది నీ పురుటికి మీ మేనత్త పెట్టిన చీర, ఇది నేను ఉద్యోగంలో చేరినప్పటిది" అని అమ్మ చెబుతూ ఉంటుంది, ఆ మాటలకు ఇంకెక్కడా చోటు రాదు. నాలుగు రోజుల్లో బొంత పూర్తికాదు. ఏం ఫర్వాలేదు, సూది గుచ్చే ఉంచి చుట్టేసి అటక మీద పెట్టండి, వచ్చే చలికి తీయొచ్చు.

మబ్బు పట్టి చలి తగ్గాక గొంగడిని మళ్ళీ ఒకపూట మంచి ఎండలో దులిపి, మడతల మధ్య ఎండిన వేపాకు వేసి పాత నూలు చీరలో చుట్టి దాచండి. కలరా ఉండలు వేయకపోవడమే మంచిది. ముఖ్యంగా పసిపిల్లలకు వాడే బట్టల దగ్గర వాటిని అసలు పెట్టకండి. వాటిలో ఉండే నాఫ్తలీన్ వాసన కొందరు పసిపిల్లల రక్తానికి హాని చేస్తుంది.